పాత బొంగరం కొలత

ఆ ఇంట్లో ముందు మామగారి లేత్ లేస్తుంది, తరవాత మనుషులు లేస్తారు. నలభై ఏళ్లుగా చెక్క బొంగరాలు చెయ్యడమే ఆయన పని. ఆ రోజు మాత్రం చప్పుడు లేదు. కాఫీ తీసుకుని వెనక గదిలోకి వెళ్లిన అత్తగారికి, బల్ల మీద దేన్నో గుర్రుగా చూస్తున్న భర్త కనిపించాడు. కాఫీ ముట్టుకోలేదు. ఎవరి ముందూ గ్లాసు పట్టుకోవడం మానేసి మూడు నెలలైంది.

బల్ల మీద ఉన్నది జిగ్గు, కన్నం వేసేటప్పుడు చెక్కని పట్టి ఉంచే దిమ్మ. మధ్యలో బొంగరం కదలకుండా కూర్చునే గుంట, పైన డ్రిల్లు దిగడానికి ఒక దారి. కోడలు ఆదివారమంతా కూర్చుని చేసింది.

"ఏమ్మా, నా చెయ్యి పనికిరాదని ఊరంతా చాటడానికా ఇది?" అన్నాడు, కోడలు గుమ్మంలోకి రాగానే.

"అది కాదు మామయ్యా. మేకుకి కన్నం వేసేటప్పుడు చెక్క జారుతోందని..."

"జారేది చెక్క కాదని నీకూ తెలుసు."

అందరికీ తెలుసు. నోరు తెరిచి అంటే ఆయన లేత్ మానేస్తాడు. మానేస్తే మనిషి ఏమైపోతాడోనని అత్తగారికి భయం.

"చూద్దాం దీని గొప్పతనం," అంటూ జిగ్గులో బొంగరం పెట్టి కన్నం వేశాడు. మేకు దిగ్గొట్టి నేల మీద తిప్పాడు. అది ఊగిపోయి పడింది. ఆయన నవ్వాడు. రెండోదీ అంతే. మూడోదీ అంతే అయ్యేసరికి నవ్వు ఆగింది. మూడింటికీ కన్నం ఒకే పక్కకి, ఒకే వెంట్రుకవాసి జరిగి ఉంది.

"కన్నం గుర్తు దేన్ని చూసి పెట్టావు?"

"పోయిన వారం మీరు చేసిన బొంగరాన్ని చూసి."

"ఇంట్లో స్కేలు లేదా?"

"ఉంది. మీ చేతికన్నా స్కేలు ఎక్కువా అనుకున్నాను."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. పిల్ల తప్పు చెయ్యలేదు. ఆయన తప్పునే నమ్మకంగా అచ్చుదించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

కాసేపటికి సొరుగులోంచి నల్లబడిన బొంగరం తీశాడు. కొడుకు పాకే రోజుల్లో చేసింది.

"దీన్ని చూసి మళ్లీ గుర్తు పెట్టమ్మా. అప్పటి చేతిని నమ్మొచ్చు."

కోడలు జిగ్గు సరిచేశాక, మధ్యాహ్నానికి కొత్త బొంగరం నేల మీద ఊగకుండా నిలబడి తిరిగింది. కన్నం వేసింది ఆయనే. చెయ్యి వణికింది గానీ, జిగ్గులో చెక్క కదల్లేదు.

"కాఫీ ఎప్పుడో చల్లారింది. మళ్లీ పెట్టనా?" అంది అత్తగారు.

"పెట్టు. గ్లాసులో సగమే పొయ్యి, నిండుగా పోస్తే ఒలికిపోతుంది," అన్నాడాయన, ఇద్దరి ముందూ చెయ్యి చాస్తూ.