తాతయ్య బస్సుకి వాన కావాలి

"ఇవి మీకు అమ్మను," అంది ఆమె.

లెక్కల మాస్టారి చేతుల్లో డబ్బాల దొంతర గడ్డం దాకా ఉంది. పైడబ్బా మీదుగా చూస్తే ఆమె నుదురు, కళ్ళు మాత్రమే కనిపించాయి. రెండూ కోపంగానే ఉన్నాయి.

"ఎందుకండీ? ఇది షాపే కదా?"

"షాపే. విడిభాగాలు బిగించి కంప్యూటర్లు కట్టే షాపు. వీటితో కంప్యూటర్ కట్టలేం."

"అన్నీ ఫస్టు వచ్చినవేనండీ. ప్రాసెసర్లలో ఫస్టు, గ్రాఫిక్స్ కార్డుల్లో ఫస్టు, కూలర్లలో ఫస్టు. రివ్యూలన్నీ చదివి, మార్కులు పోల్చి ఏరాను."

మాస్టారికి తెలిసిన పద్ధతి అదొక్కటే. బడిలో క్విజ్ పోటీకి జట్టు కావాలన్నా ప్రతి సెక్షన్‌లోనూ ఫస్టు వచ్చినవాళ్ళని ఏరి కూర్చోబెట్టేవాడు. ఆ జట్టు ఏటా ఓడిపోయేది. ఎందుకు ఓడిపోతోందో అతను ఎన్నడూ ఆలోచించలేదు.

అతను ఏరుకొచ్చిన చిన్న క్యాబినెట్ పెట్టెని ఆమె తెరిచి, గ్రాఫిక్స్ కార్డుని అందులో పెట్టి చూపించింది. సగం బయటే ఉండిపోయింది.

"ఉయ్యాల్లో పెద్దమనిషిని పడుకోబెట్టినట్టుంది. ఇప్పుడు ప్రాసెసర్‌ని చల్లబరిచే ఈ కూలర్ చూడండి. దీని ఎత్తుకి తలుపు మూసుకోదు."

మాస్టారు తలుపుని చేత్తో నొక్కి చూశాడు. మూసుకోలేదు. అటూ ఇటూ చూశాడు. తర్వాత, నిండిపోయిన సూట్‌కేసు విషయంలో అందరూ చేసే పనే చేశాడు. క్యాబినెట్ మీద కూర్చున్నాడు.

"లేవండి."

"కొంచెం మూసుకుంటోందండీ."

"లేవండి మాస్టారూ. అది గాజు!"

అతను లేచాడు. ఆమె గాజు మీద పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని వేళ్ళతో తడిమి చూసింది. ఆమె మణికట్టుకి, పార్టులకి స్టాటిక్ కరెంటు తగలకుండా కట్టుకునే ఒక పట్టీ, దానికి వేలాడే వైరు ఉన్నాయి. ఫ్యాన్లు తిరుగుతుంటే క్యాబినెట్‌కి చెవి ఆనించి వినే అలవాటు ఉండటంతో ఆ వీధిలో అందరూ ఆమెని డాక్టరనే పిలుస్తారు.

"టాపర్లందర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెడితే ఎవరు జరుగుతారండీ?" అంది డాక్టరు. "పక్కవాళ్ళకి చోటిచ్చేవి ఉండాలి. ఒకటి వేడెక్కితే ఇంకోటి ఊరుకోబెట్టాలి. సరే, ఇంతకీ ఎవరి కోసం?"

"మా తాతయ్య కోసం."

ఆమె పెద్దగా నవ్వింది. "అందరూ ఇలాగే చెబుతారు. మొన్న ఒకాయన వాళ్ళావిడ కుట్టుపని కోసమన్నాడు. కాకపోతే తుపాకీ మోత బాగా వినిపించాలట."

"నిజంగా తాతయ్య కోసమేనండీ. బస్సు నడిపే ఆట ఆడతాడు."

"బస్సు ఆటకి ఇంత పెద్ద కార్డా?"

"బస్సుకి కాదండీ. వానకి."

కౌంటరు వెనక నుంచి షాపు యజమాని తల ఎత్తాడు. ఆయన డాక్టరుకి బాబాయి. "అమ్మాయ్, వచ్చినాయన్ని అలా అడ్డంగా ప్రశ్నించకు. మాస్టారూ, లైట్లు పెట్టించండి. లైట్లు పెడితే స్పీడు పెరుగుతుంది."

"పెరగదు బాబాయ్."

"చూసేవాళ్ళకి పెరిగినట్టుంటుంది కదా?"

"మీ తాతయ్యని చూడాలి," అంది డాక్టరు మాస్టారితో. ఆ గొంతులో నమ్మకం ఏ మాత్రం లేదు.

*

ఆ సాయంత్రమే వెళ్ళారు. చిన్న ఇల్లు, ముందు గదిలో బల్ల, బల్లకి బిగించిన స్టీరింగు. దాని వెనక, మెడ దాకా గుండీలు పెట్టుకున్న ఖాకీ చొక్కాలో తాతయ్య. మానిటర్ పైన చిన్న అద్దం కట్టి ఉంది. ఆయన కుర్చీ వెనక ఇంకో కుర్చీ, దాని మీద మడతలు పడిన శాలువా.

తెర మీద ఒక బస్సు ఆగిపోయి ఉంది. దాని చుట్టూ కదలని వాన, తెల్లటి గీతలు. ఎవరో సుద్దముక్కతో కోపంగా గీసినట్టున్నాయి.

"తాతయ్యా, ఈవిడ కంప్యూటర్ షాపు నుంచి వచ్చారు."

"మెకానిక్కా? అమ్మయ్య!" అన్నాడు తాతయ్య తల తిప్పకుండానే. "బండి దారిలో ఆగిపోయింది తల్లీ. లోపల జనం ఉన్నారు. ఒకావిడ చంటిపిల్లతో ఉంది."

డాక్టరు వంగి చూసింది. బస్సు కిటికీలోంచి చంటిపిల్లతో ఒకావిడ నిజంగానే కనిపించింది.

"వాన పడితే చాలు, ఈ పెట్టె బిగుసుకుపోతుంది."

"ఆపేసి మళ్ళీ పెట్టచ్చు కదా తాతగారూ?"

"ఆపేస్తే జనం ఏమైపోతారు?"

మాస్టారు గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ కుర్చీలోంచి లేవడం లేదండీ. తిండి అక్కడే, నిద్ర అక్కడే. బాత్‌రూమ్‌కి మాత్రం హ్యాండ్‌బ్రేక్ వేసి వెళతాడు. కాళ్ళు ఎలా వాచాయో చూడండి. ఇంకొన్నాళ్ళు ఇలాగే కూర్చుంటే మళ్ళీ నడవడం కష్టమన్నారు డాక్టరు. అంటే, అసలు డాక్టరు."

"నాకు వినిపిస్తోందిరా," అన్నాడు తాతయ్య. "జనాన్ని దారిలో వదిలేసి డ్రైవరు ఇంటికెళ్ళి పడుకుంటాడా? సర్వీసులో ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు. ఇప్పుడు చేస్తానా?"

"పోనీ, వాన లేని రూట్లో నడపచ్చు కదండీ?"

తాతయ్య అద్దంలోకి చూశాడు. అద్దంలో శాలువా ఉన్న కుర్చీ కనిపిస్తుంది.

"ఆవిడ వానలోనే ఎక్కింది," అన్నాడు.

పాత కంప్యూటర్ ఫ్యాను ఒక్కటే ఆయాసపడుతూ తిరిగింది.

వీధిలోకి వచ్చాక డాక్టరు ఆగింది. "మీరు అబద్ధం చెబుతున్నారనుకున్నాను. సారీ."

"పర్లేదండీ. నిజం చెప్పినప్పుడే నా మొహం అలా ఉంటుంది." అతను కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ అన్నాడు. "నానమ్మ మొదటిసారి తాతయ్య బస్సు ఎక్కినప్పుడు పెద్ద వానట. తన స్టాపు వచ్చినా దిగలేదట. ఈ ఆట కొత్తలో కూడా ఆ కుర్చీలోనే కూర్చునేది. స్వెట్టరు అల్లుకుంటూ, 'మెల్లగా పోనివ్వండి' అంటూ ఉండేది. నిరుడు పోయింది."

డాక్టరు నడక మొదలుపెట్టింది. నాలుగడుగులు వేశాక, "కార్డు మీరు ఏరినదే ఉంచుదాం," అంది. "వానకి అది కావాలి. మిగతావాళ్ళని మాత్రం నన్ను ఏరనివ్వండి."

*

అలా ఎంపిక మొదలైంది. బడి వదలగానే మాస్టారు షాపుకి వచ్చేవాడు.

"ఈ ప్రాసెసర్ రెండో ర్యాంకు కదండీ?"

"రెండోదే. కానీ అనవసరంగా వేడెక్కదు. మీ తాతయ్యగారి మోకాళ్ళ పక్కన ఉండాల్సింది."

"మరి ఈ పవర్ సప్లై? పేరే వినలేదు."

"ఇంట్లో అమ్మ పేరు ఎంతమంది వింటారండీ? అందరికీ వడ్డించేది ఆవిడే కదా."

మాస్టారికి బడిలో క్విజ్ జట్టు గుర్తొచ్చింది. మర్నాడే దాన్ని మార్చేశాడు. ఎప్పుడూ పక్కవాడి పెన్సిలు చెక్కిపెట్టే పిల్లని అందులో కూర్చోబెట్టాడు.

కంప్యూటర్ కట్టడం పూర్తయిన రోజు బయట నిజం వాన మొదలైంది. డాక్టరు ఆట పెట్టింది. తెర మీద కూడా వాన మొదలైంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇది వాన కాదు. షవర్. మాస్టారూ, ఒకసారి బయటికెళ్ళి నిలబడండి."

"ఎందుకండీ?"

"మీకు కళ్ళజోడుంది."

అతను వెళ్ళి వానలో నిలబడ్డాడు. ఆమె గుమ్మంలో నిలబడి అతని కళ్ళజోడు అద్దాల వంక చూసింది. ఒక చుక్క పడి, కాసేపు ఆగి, పక్క చుక్కని కలుపుకుని, ఒక్కసారిగా జారింది. ఆమె లోపలికి పరుగెత్తి సెట్టింగు మార్చి మళ్ళీ వచ్చింది.

"కదలకండి. ఇంకోటి జారుతోంది."

"నాకేమీ కనిపించడం లేదండీ."

"మీకు కనిపించక్కర్లేదు. నాకు కనిపిస్తే చాలు."

ఆమె ఇంకా దగ్గరికి వచ్చింది. ఇప్పుడామె కూడా తడుస్తోంది. చుక్కల వెనకాల అతని కళ్ళు కూడా ఉన్నాయని ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది. ఏ చుక్క దగ్గర ఉన్నదీ మరిచిపోయింది.

"వాన సరిపోయిందా?" అని లోపల్నుంచి బాబాయి కేక వేశాడు.

"సరిపోలేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నిజానికి వాన సరిపోయింది. మర్నాడు కంప్యూటర్ తీసుకెళ్ళడానికి వచ్చిన మాస్టారు మాత్రం తల గోక్కున్నాడు.

"ఆ మూడో ఫ్యాను కాస్త శబ్దం చేస్తోందేమోనండీ."

"అందులో ఉన్నవి రెండే ఫ్యాన్లు."

"ఓహో. అయితే వాటిలో ఒకటి..."

"చూస్తాను. రేపు రండి," అంది డాక్టరు చాలా గంభీరంగా.

ఆ మర్నాడు వస్తే ఆమె ఒక స్క్రూ బిగిస్తోంది. బాబాయి నిట్టూర్చాడు. "పొద్దున్నించీ అదే స్క్రూ మాస్టారూ. ఇంకాస్త తిప్పితే అవతలి వైపు నుంచి బయటికొస్తుంది."

అంతలో మాస్టారి ఫోను మోగింది. తాతయ్య.

"ఒరేయ్, ఆ చంటిపిల్ల అలా ఎంతసేపు కూర్చుంటుందిరా? ఆకలేస్తుంది కదా. నా కాళ్ళు కూడా ఇవాళ సరిగ్గా నిలబడనివ్వడం లేదు."

ఫోను స్పీకరులో ఉంది. ఇద్దరూ విన్నారు. మాస్టారు తల దించుకున్నాడు. డాక్టరు స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది.

"బాబాయ్, ఆటో పిలువు," అంది.

*

పాత కంప్యూటర్ ఆపడానికి తాతయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"జనం అందరూ ఈ డిస్కులో భద్రంగా సేవ్ అయి ఉన్నారు తాతగారూ," అంది డాక్టరు. "ఊడదీసి కొత్తదాంట్లో పెడతాను. ఒక్కరు కూడా దిగరు."

"రెండు చేతులతో పట్టుకుంటావా?"

"పట్టుకుంటాను."

"కుదపకు. చంటిపిల్ల పడుకుని ఉంటుంది."

ఆమె అరచేయంత డిస్కుని రెండు చేతులతో పట్టుకుని, గదిలో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మాస్టారు దారిలో ఉన్న చెప్పుల్ని పక్కకి తీశాడు. ఎవరూ నవ్వలేదు.

కొత్త కంప్యూటర్ ఆన్ కాగానే క్యాబినెట్ లోపల నారింజ రంగు లైట్లు టకటకా వెలిగి ఆరాయి. బాబాయి ఎప్పుడు దూర్చాడో ఏమో.

"బాబాయ్!" అని అక్కడ లేని ఆయన మీద పళ్ళు కొరికింది డాక్టరు.

"ఇండికేటర్లు కూడా పెట్టారా!" అని మురిసిపోయాడు తాతయ్య.

బస్సు తెర మీదికి వచ్చింది. జనం ఉన్నారు. చంటిపిల్లతో ఉన్నావిడ ఉంది. వాన పడింది. చుక్క బస్సు ముందద్దం మీద పడి, ఆగి, పక్కదాన్ని కలుపుకుని జారింది. తాతయ్య దాన్ని చివరి దాకా చూశాడు. వైపర్ వేశాడు. గేరు మార్చాడు.

బస్సు కదిలింది.

మలుపు రాగానే తాతయ్య ఒరిగాడు. మాస్టారు, డాక్టరు కూడా తెలియకుండానే ఒరిగారు.

"నిలబడి ప్రయాణం చెయ్యకూడదు. కూర్చో తల్లీ," అన్నాడు తాతయ్య.

ఉన్నది ఒక్క కుర్చీ. "నేను లోపల్నుంచి వేరేది..." అని మాస్టారు కంగారుగా కదిలేలోపే ఆమె శాలువా తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తాతయ్య అద్దంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. బస్సు మెల్లగా రోడ్డు పక్కకి వెళ్ళి పాల బండి మీదికి పోసాగింది.

"మెల్లగా పోనివ్వండి తాతగారూ!" అంది ఆమె.

బస్సు సర్దుకుంది. తాతయ్య హారన్ కొట్టాడు. ఒకసారి సరిపోలేదు, రెండోసారి కూడా కొట్టాడు.

"కండక్టర్! నిద్రపోతున్నావా? ఆవిడకి టిక్కెట్ కొట్టావా లేదా?"

మాస్టారు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఎక్కడికండీ?"

"మీరు ఎక్కడ దిగుతారు?"

"నేను కండక్టర్నండీ. బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా."

"నాకూ అక్కడికే కొట్టండి."

"చాలా దూరమండీ."

"అడిగినచోటికి టిక్కెట్ ఇవ్వడానికి ఇన్ని ప్రశ్నలా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి దాని మీద వాన లేదు. "ఆ మూడో ఫ్యాను లేదని నాకు ముందే తెలుసండీ," అన్నాడు.

ఆమె శాలువా అంచు సర్దింది. "ఆ స్క్రూ బిగిసిపోయిందని నాకూ తెలుసు."

ముందు సీట్లోంచి చెయ్యి లేచింది. తాతయ్య అద్దాన్ని పట్టుకుని, ఇక వెనకవాళ్ళు కనిపించకుండా పైకప్పు వైపు తిప్పేశాడు.

"డ్రైవరన్నాక రోడ్డు చూసుకోవాలి," అన్నాడు ఎవరూ అడగకుండానే.

చివరి స్టాపు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. చంటిపిల్లతో ఉన్నావిడ గొడుగు విప్పుకుని దిగి వెళ్ళింది. ఆమె కనుమరుగయ్యేదాకా చూసి, తాతయ్య హ్యాండ్‌బ్రేక్ వేశాడు. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుంటే లేచి నిలబడ్డాడు. వాచిన పాదాలని నేల మీద కుదురుగా ఆనించాడు. ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి, ఇన్నాళ్ళకి మంచం మీద వాలాడు.

దీపం ఆర్పి మాస్టారు పడకగది గుమ్మం దాటుతుంటే తాతయ్య లోపల్నుంచి పిలిచాడు.

"అందరూ దిగారట్రా?"

మాస్టారు ముందు గదిలోకి చూశాడు. డాక్టరు ఇంకా ఆ కుర్చీలోనే కూర్చుని, ఒళ్ళో శాలువాతో, తెర మీది వానని చూస్తోంది.

"ఒకరు దిగలేదు తాతయ్యా."

"దిగకపోతే దింపకు. మీ నానమ్మని నేను దింపానా?" అని తాతయ్య అటు తిరిగి పడుకున్నాడు.