చూనా లగాయించినోడు

"ఆప్ కో చూనా లగానే ఆయా హూఁ."

యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో, ఓ రేకుల ఇంటి ముందు నిలబడి నేనన్న మొదటి మాట ఇది. మీ ఇంటికి సున్నం వేయడానికి వచ్చాను అని నా ఉద్దేశం. హిందీ పుస్తకం చూసి రాత్రంతా బట్టీపట్టాను.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో పాల క్యాను ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"బాపూ! ఎవడో మనకు చూనా లగాయిస్తడంట. ముందే చెప్పి మోసం జేసేటోన్ని ఇప్పుడే జూస్తున్న!"

"బర్రెను ఇడువు బిడ్డా" అంది లోపలి నుంచి ఓ మగ గొంతు.

నాకసలే భయాలెక్కువ. ఎత్తంటే భయం, కుక్కలంటే భయం, ఆడపిల్లలతో మాట్లాడాలంటే మరీ భయం. బర్రె భయం ఆ రోజే మొదలైంది.

"మోసం కాదండీ! సున్నం! మీ ఇంటి రేకులకి!"

"తెలుగోనివేనా? మరి గా హిందీ ఎందుకు సారూ? ఈడ చూనా లగాయించుడంటే మోసం జేసుడు" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో బర్రె సంగతి మర్చిపోయాను.

ఆ అమ్మాయి పేరు స్వీటీ. నేను ఫణి, మాది తణుకు. ఇంజనీరింగ్ కాలేజీలో సోమశేఖర్ సార్ ప్రాజెక్టులో కొత్తగా చేరాను. భూమి వేడెక్కిపోతోంది, తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది, పేదవాడి ఇంట్లో ఎంత చల్లబడుతుందో లెక్క తేలుద్దాం అన్నది సార్ ఆలోచన. అది రెండువేల మూడు మే నెల. వడదెబ్బ చావుల వార్త లేని పేపరు రావడం లేదు.

మంచం మీదున్నది స్వీటీ నాన్న మొగులయ్య. బర్రె తన్ని కాలు విరిగింది. తొడ దాకా పిండికట్టు, కదలడానికి లేదు.

"మస్తు మంచిగైంది మీరొచ్చుడు" అని స్వీటీ గొంతు తగ్గించింది. "పోయిన ఎండకాలం మా నాయినమ్మ గీ మంచం మీదనే పోయింది. నీళ్లడిగింది. చెంబు దెచ్చే లోపట పానం పోయింది. బాపును జూస్తుంటె భయమైతుంది."

వేస్తామని మాటిచ్చాను.

ఆ సాయంత్రం కాలేజీలో చీటీలు వేశారు. ఆరిళ్లలో మూడింటికి సున్నం, మూడింటికి లేదు. ఏమీ చేయని ఇల్లు లేకపోతే పోల్చడం ఎలా? స్వీటీ వాళ్లది సున్నం లేని చీటీ. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మర్నాడు "తర్వాత వేస్తాం" అని గోడకు థర్మామీటరు తగిలించి వచ్చేశాను.

పక్కింటి మాణిక్యమ్మ రేకులకు మాత్రం తెల్లగా సున్నం పడింది. గల్లీ అంతా వచ్చి "పెండ్లెవరిది?" అని అడిగింది. అక్కడ పెళ్లి కుదిరితే తప్ప ఎవరూ ఇంటికి సున్నం వేయించరట. ఆమెకున్నది ఇద్దరు మనవలు, పెద్దవాడికి ఏడేళ్లు.

రోజూ మధ్యాహ్నం రెండింటికి వెళ్లి నోట్‌బుక్‌లో అంకె రాసుకునేవాణ్ణి.

"సారొచ్చిండు, జరం జూస్తందుకు" అనేది స్వీటీ. "మా గోడకు తగ్గిందా?"

మజ్జిగ ఇచ్చేది. నేను నవ్వేవాణ్ణి. అంకె రాసేటప్పుడు మాత్రం పేజీ ఆమెకు కనబడకుండా తిప్పేవాణ్ణి. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.

ఓ రోజు గుమ్మంలోనే ఆపేసింది. చేతిలో నా నోట్‌బుక్. ముందురోజు మర్చిపోయి వెళ్లాను.

"మాణిక్యమ్మ ఇంట్ల ముప్పై ఏడు. మా ఇంట్ల నలభై రెండు. మాకెందుకు ఎయ్యలే?"

"మీది... కంపారిజన్ ఇల్లండీ."

"అంటే ఏంది?"

"ఏమీ చేయకపోతే ఎలా ఉంటుందో..."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఏం జెయ్యకుంటె మా బాపు ఎట్ల పోతడో రాసుకుంటున్నవా?"

నోట్‌బుక్ కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆ దినం తప్పు చెప్పలే నువ్వు. నిజంగనే చూనా లగాయించినవ్."

తలుపు వేసేసింది. వెళ్లి సోమశేఖర్ సార్‌ని బతిమాలాను. "ఇంకో పన్నెండు రోజులే కదయ్యా! ఇప్పుడు వేస్తే ఆ ఇల్లు లెక్కలోంచి పోతుంది. నీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు రెండింటికి ఆ గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది. లోపల నలభై నాలుగు.

మొగులయ్య ఒళ్లు కాలిపోతోంది. చెమట చుక్క లేదు. "అవ్వా, నీళ్లు" అంటున్నాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా. స్వీటీ చెంబు పట్టుకుని బిగుసుకుపోయింది. ఆమెకు కనిపిస్తున్నది పోయిన ఏడాది అని నాకు అర్థమైంది. వెళ్లి మంచం తలవైపు పట్టుకున్నాను.

"మంచం పట్టండి! మాణిక్యమ్మగారింట్లోకి!"

ఇద్దరం మంచమెత్తి తెల్ల రేకుల కిందికి మోసుకుపోయాం. తడిగుడ్డలు చుట్టాం, విసిరాం. మాణిక్యమ్మ మూలమీది డాక్టరును లాక్కొచ్చింది. సెలైన్ ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నాం. బతుకుతాడా అని అడగడానికి ఇద్దరికీ భయమే.

నాలుగున్నరకి మొగులయ్య నుదుటి మీద చెమట పట్టింది. "బర్రెలకు కుడితి పెట్టిన్రా?" అన్నాడు.

స్వీటీ ఏడ్చేసింది. నేను లేచి వెళ్లి మాణిక్యమ్మ పెరట్లో మిగిలి ఉన్న సున్నం బకెట్టు, కుంచె, నిచ్చెన తెచ్చాను.

"ఏం జేస్తున్నవ్? నీ నౌకరీ పోతది!"

"పోనీండి. నిచ్చెన పట్టుకోండి. నాకు ఎత్తంటే భయం."

పైకెక్కి రేకుల మీద చెక్క పలక అడ్డం వేసుకుని కూర్చున్నాను. రేకు తగిలి మోచేయి చుర్రుమంది. కింద గల్లీ గిర్రున తిరిగింది.

"స్వీటీ గారూ, పట్టుకున్నారా?"

"పట్టుకున్న."

"వదలరు కదా?"

నిచ్చెన ఊగడం ఆగింది. తర్వాత నెమ్మదిగా వినిపించింది. "ఇడువ."

అది నిచ్చెన గురించి కాదని నాకు తెలిసింది. భయం పోలేదు కానీ, కుంచె ఆగలేదు.

సోమశేఖర్ సార్ తిట్టారు. ఆ ఇంటి పేరు నోట్‌బుక్‌లో అడ్డంగా కొట్టేశారు. తర్వాత సున్నం లేని తక్కిన రెండు పేర్లూ చాలాసేపు చూసి, "వాటికీ వేసెయ్. మనుషుల మీద ఇలాంటి లెక్క తప్పయ్యా" అన్నారు.

వారం తర్వాత మొగులయ్య కబురు పెట్టాడు. భయపడుతూనే వెళ్లాను. ఆయన మళ్లీ తన ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు. గోడ మీద ముప్పై ఎనిమిది.

"ఏం పిలగా, మా ఇంటికి సున్నమేసినవంట?"

"అవునండీ."

"పొద్దుగాల సంది గల్లీ అంత అడుగుతున్నది, మీ పోరి పెండ్లెప్పుడని. ఏం జెప్పాలె?"

నేను తలుపు వైపు చూశాను. స్వీటీ తలుపు చాటున ఉంది. గాజులు వినిపిస్తున్నాయి.

"నన్ను సావుకెల్లి తప్పించినోనివి. నీకు ఇష్టమైతే, మా బిడ్డకూ ఇష్టమైతే, మీ అమ్మనాయినలను తోల్కరా. మాట్లాడుకుందాం."

అమ్మకు ఈ సంగతి చెప్పడం తల్చుకుంటే రేకు మీద కూర్చున్నంత భయమేసింది. అయినా తలూపాను.

బయటికొస్తుంటే స్వీటీ అడ్డం వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాల మీద మాత్రం ఆ మొదటిరోజు నవ్వు.

"చూనా లగాయించవు గదా?"

"లగాయిస్తాను" అన్నాను. "ప్రతి ఏడాదీ. ఎండలు రాకముందే, మార్చిలోనే."