పది వేళ్ళకూ టోపీలు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో డిటెక్టివ్ కాత్యాయని ఆఫీసు మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చిన ముసలావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. రెండు చేతులూ ముందుకు చాపి నిలబడింది. అరచేతుల్లో చందమామలు, వేళ్ళ చివర్లకు టోపీలు. ఆషాఢం గోరింటాకు ఎర్రగా పండింది.

"చూసి చెప్పమ్మా. విషం పెట్టే చేతులా ఇవి?"

అసిస్టెంటు రియాజ్ మంచినీళ్ళు అందించాడు. ఇక్కడికి జనం పక్కవాళ్ళ మీద అనుమానాలు మోసుకొస్తారు. తన మీద పడ్డ అనుమానాన్ని పట్టుకుని వచ్చిన మనిషిని చూడడం అతనికి ఇదే మొదలు.

ఆవిడ పేరు పుల్లమ్మ, కబ్బన్‌పేటలో పాతకాలపు నేతవాళ్ళ ఇంటి పెద్ద. మనవరాలు దివ్య వుషు అనే చైనా యుద్ధవిద్యలో దిట్ట. చైనాలో ఒక యుద్ధవిద్యల పాఠశాల ఏడాది శిక్షణకు రమ్మని పిలిచింది. వీసా కోసం పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి. తీరా వీసా ఆఫీసుకు వెళ్ళాల్సిన నాటికి దివ్య వేళ్ళ చివర్లన్నీ బొబ్బలెక్కాయి. యంత్రం ఒక్క ముద్ర కూడా తీసుకోలేదు. చర్మం మానేలోపు శిక్షణ మొదలైపోతుంది.

"ఆడబిడ్డకి ఈ తన్నులాట ఏమిటికని గొణిగేది నేనే. గోరింటాకు నూరి పెట్టిందీ నేనే. ఇంకేం, దొంగ దొరికె! కోడలు నా చేతి కాఫీ ముట్టేది లేదు. బిడ్డ నా మొగమే చూసేది లేదు. ఈ పేరుతోనే పోతానేమో అని దిగులుగా ఉండాదమ్మా."

"ఆ ముద్దే మీరూ పెట్టుకున్నారా, అవ్వా?"

"అదే ముద్ద. నేనూ, కోడలూ, పాపా. అందరికీ ఒకే మాదిరి."

కాత్యాయని ఆవిడ వేళ్ళను వెలుతురులోకి తిప్పి చూసింది. నున్నగా ఉన్నాయి. "పదండి" అని లేచింది.

కబ్బన్‌పేట ఇంటి గుమ్మం మీద దివ్య ఫొటోతో బ్యానరు వేలాడుతోంది. లోపల తల్లి గౌరమ్మ, కోచ్ జయరామప్ప, దివ్యతో కలిసి సాధన చేసే భవ్య ఉన్నారు. పుల్లమ్మ అందరికీ కాఫీ తెచ్చింది. గౌరమ్మ గ్లాసు మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.

కాత్యాయని దివ్య చేతులు పట్టుకుని చాలాసేపు చూసింది. అరచేతుల్లో చందమామలు ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. బొబ్బలన్నీ టోపీల కింద మాత్రమే. టోపీల రంగు ఎరుపు కాదు, నలుపు. ఎడమచేతి అంచులు గీత గీసినట్టున్నాయి. కుడిచేతివి వంకరటింకరగా కణుపులు దాటి పాకాయి.

"దివ్య వెళ్ళకపోతే ఆ సీటు ఎవరికి?"

జయరామప్ప ఇబ్బందిగా కదిలాడు. "భవ్యకమ్మా. సెలక్షన్‌లో రెండోది ఆమే."

"పోయిన నెల దివ్య కాలు తగిలి నాకు స్పృహ తప్పింది" అంది భవ్య, అడగకముందే. "అందుకని నేనే చేశానంటారా? గోరింటాకు పెట్టుకున్న సాయంత్రం నేను వచ్చి కాఫీ తాగి పోయానంతే!"

సీటూ ఉంది, పగా ఉంది. రియాజ్ మనసులో కేసు మూసేశాడు. మేడమ్ మాత్రం గౌరమ్మ వైపు తిరిగింది.

"వీసా ఆఫీసులో ఏం పాటించాలో ఎవరు చెప్పారు?"

"ఏజెంటు అభిషేక్. పాపతోనే మాట్లాడినాడు. మాకేం తెలుస్తాది మేడమ్ ఆ గొడవంతా?"

కాత్యాయని అతనికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "వేళ్ళకి మెహందీ అస్సలు వద్దని వారం ముందే దివ్యకి చెప్పాను మేడమ్. ఫస్ట్ పాయింటే అది" అన్నాడు అభిషేక్.

కాత్యాయని ఫోన్ పెట్టేసి ఒక స్కెచ్ పెన్ను అడిగింది.

"జయరామప్పగారూ, ముందు మీ ఎడమచేతి వేళ్ళకు టోపీలు గీసుకోండి. తర్వాత కుడిచేతికి."

ఆయన వింతగా చూసి గీసుకున్నాడు. ఎడమచేయి చక్కగా వచ్చింది. కుడిచేతి దగ్గరికొచ్చేసరికి పెన్ను అడ్డదిడ్డంగా తిరిగింది. అందరూ నవ్వారు. కూతురి చేతుల మీద చూపు పడి గౌరమ్మ నవ్వు ముందుగా ఆగిపోయింది.

"అవ్వ ఆకు పాడైతే అరచేతులూ పొక్కేవి, అవ్వ వేళ్ళూ పొక్కేవి" అంది కాత్యాయని నెమ్మదిగా. "ఆ టోపీల మీద మళ్ళీ అంగట్లో దొరికే నల్ల మెహందీ కోన్ పూశారు. అందులో కలిపే రంగుమందు కొందరి ఒంటికి పడదు. భవ్యే పూసి ఉంటే రెండు చేతులూ ఒకేలా ఉండేవి. తన కుడిచేతికి తానే పూసుకున్న మనిషికే ఇలా వంకరపోతుంది. పైగా మెహందీ వద్దన్న సంగతి ఈ ఇంట్లో తెలిసింది ఒక్కరికే."

పిల్ల అందరికీ టోపీ పెట్టిందన్నమాట, అనుకున్నాడు రియాజ్. దివ్య ముఖం చూశాక ఆ చమత్కారానికి తనే సిగ్గుపడ్డాడు.

"రంగుంటే ముద్రలు పడవులే అనుకున్నా" అంది దివ్య. "బొబ్బలొస్తాయని తెలీదు. ఆ రోజు భవ్య స్పృహ వచ్చి లేచి నన్నే చూసి, నువ్వెవరు అని అడిగింది సార్. అప్పటినుంచి కాలెత్తితే వణుకొస్తుంది. వీధంతా బ్యానర్లు కట్టేశారు. భయమేస్తోందని ఎవరితో చెప్పేది?"

"నాకదేమీ గుర్తే లేదే" అంది భవ్య, తెల్లబోయి.

జయరామప్ప రంగు వేళ్ళను గుప్పిట్లో దాచుకున్నాడు. "ఆ స్కూలు వచ్చే ఏడూ ఉంటాదమ్మా. నీకు పోవాలనిపిస్తేనే పో. నేను అడిగుండాల్సింది" అన్నాడు.

గుమ్మం దగ్గర కూర్చున్న పుల్లమ్మ లేచి వచ్చి, మనవరాలి వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుని ఊదింది.

"నా చెవిలో ఒక్క మాట చెప్పకూడదా పాపా? దీన్ని పంపించేది లేదని నేనే అడ్డం పడుందును కదా! ఆ చెడ్డపేరు నేనే అడిగి తీసుకుందును."

దివ్య ఆవిడ భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. గౌరమ్మ బల్ల దగ్గరికి నడిచింది. చల్లారిపోయిన కాఫీ గ్లాసు తీసుకుని, అత్తగారి ముందే నిలబడి మొత్తం తాగేసింది.