జాకెట్టు ముక్కలో చీటీ

సుధామయి కిరీటితో అన్న మొట్టమొదటి మాట ఇది: "ముందు ఈ ఫోన్ తీసుకెళ్ళి ఆ బియ్యం డబ్బాలో పెట్టండి. తర్వాత మాట్లాడతాను."

కెనడాలో, టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో అది శ్రావణ శుక్రవారం. బయట వాన. రూప ఆంటీ ఇంట్లో పైన లలితా సహస్రనామం జోరుగా సాగుతోంది. కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండే కిరీటి, తాంబూలం కవర్లు సర్దే పని నెత్తిన పడి, అరటిపళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. అతనిది టొరంటోలో కంప్యూటర్ సెక్యూరిటీ ఉద్యోగమని విని సుధామయి మెట్లు దిగి వచ్చింది. చక్కటి పిల్ల వచ్చిందని సంతోషించబోయిన మనిషి, పాపం, బియ్యం డబ్బా అనేసరికి కాస్త జంకాడు. అయినా పెట్టి వచ్చాడు.

అప్పుడు చెప్పింది. రిచ్‌మండ్ హిల్ అబ్బాయి భరద్వాజ్‌తో నిశ్చితార్థమైంది. ఉంగరంతో పాటు కొత్త ఫోన్ కూడా చేతిలో పెట్టాడు. ఆనాటినుంచి అతనికి తెలియనిది లేదు. ఒకసారి తనకి తలనొప్పిగా ఉందని స్నేహితురాలికి టైప్ చేసి, పంపకుండానే చెరిపేసింది. సాయంత్రం భరద్వాజ్ ఫోన్ చేసి తలనొప్పి తగ్గిందా అని అడిగాడు. ఆమె ఉంటున్నది విద్య పిన్ని దగ్గర. పిన్నితో చెప్పుకుంటే, ఎంత ప్రేమో చూడవే అని మురిసిపోయింది.

కార్తీకంలో పెళ్ళి. ఈలోగా కాకినాడ నుంచి అమ్మా నాన్నా విజిటర్ వీసా మీద వస్తున్నారు. ఈ పెళ్ళి వద్దని వాళ్ళకి ఎదురుగా కూర్చుని చెప్పాలి. అంతకు ముందు భరద్వాజ్‌కి తెలిసిందా, అయిపోయినట్టే. నువ్వెక్కడికెళ్ళినా నాకు తెలుస్తుంది, వదిలి వెళ్ళాలని మాత్రం అనుకోకు అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు.

"ఎన్‌క్రిప్టెడ్ యాప్ ఉంది," అన్నాడు కిరీటి ఉత్సాహంగా. "మధ్యలో ఎవడూ చదవలేడు."

"మధ్యలో చదవాల్సిన ఖర్మేం అతనికి? నా వేళ్ళ కిందే కూర్చుని చదువుతున్నాడుగా."

కిరీటి తల గోక్కున్నాడు. ఫోన్‌లోనే దొంగ కూర్చుంటే ఎంత గొప్ప తాళమైనా దండగేనని ఒప్పుకున్నాడు. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేస్తే భరద్వాజ్‌కి వెంటనే తెలుస్తుంది. ఇంకో ఫోన్ కొందామా అంటే, పిన్ని ఇంట్లో వైఫై పెట్టింది కూడా ఆ మహానుభావుడే. చివరికి, చదివిన చదువంతా గంగలో కలిసినట్టు ముఖం పెట్టి, "అయితే కాగితమే గతి," అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి శుక్రవారం ఆమె తాంబూలం కవర్లో, జాకెట్టు ముక్క మడతలో, అతని చీటీ ఉండేది. గుమ్మం దగ్గర చెప్పుల గుట్టలో వానకి వేసుకునే అతని గమ్‌బూట్ ఉంటుంది కదా, ఆమె జవాబు అందులో పడేది. మొదట్లో అన్నీ పని మాటలే. తర్వాత తర్వాత చీటీలకి బుద్ధి మారింది. నువ్వు నవ్వని వారం నాకు అన్నం సయించడం లేదని అతను రాశాడు. మీరు వండుకున్నది మీకే సయించకపోతే నాదా తప్పు అని ఆమె రాసింది. రాసి, చాలా రోజులకి తనలో తను నవ్వుకుంది. చదివిన ప్రతి చీటీనీ చింపి, టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేసేది. అలా చేసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

అమ్మానాన్నలు దిగడానికి ముందు రోజు కూడా శుక్రవారమే. పారాయణం నుంచి వచ్చి, కవర్ వంటింట్లో పెట్టి, తడిసిన చీర మార్చుకోవడానికి పైకెళ్ళింది. దిగి వచ్చేసరికి వాకిట్లోంచి ఒక కారు వెళ్ళిపోతోంది. భరద్వాజ్ వాళ్ళమ్మ పద్మిని గారట. ఇటుగా వెళ్తూ ఆగి, గుమ్మంలోనే పలకరించి వెళ్ళారట.

"ఇంట్లో జాకెట్టు ముక్క లేదే," అంది పిన్ని. "నీ కవర్లో ఆకుపచ్చది కనిపిస్తే బొట్టు పెట్టి ఇచ్చేశాను."

సుధామయికి పై ప్రాణాలు పైనే పోయాయి. తాంబూలంలో వచ్చిన జాకెట్టు ముక్కని ఏ తెలుగింట్లో కుట్టించుకున్నారు గనక? ఈ చేత పుచ్చుకుని ఆ చేత ఇంకొకరికి ఇచ్చేయడమే. ఆ సంగతి ఆ సెక్యూరిటీ మేధావికి తట్టలేదు, తనకీ తట్టలేదు. పైగా చీటీలో ఏముందో తను చదవనైనా లేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. రేపు పొద్దున అమ్మా నేనూ వస్తున్నాం, అమ్మ నీతో మాట్లాడాలంటోంది అని భరద్వాజ్ పెట్టేశాడు. ఈసారి నవ్వలేదు. కిరీటికి చెబుదామంటే దారి లేదు. ఫోన్ పట్టుకుని వెళ్తే ఎక్కడికో తెలుస్తుంది, వదిలి వెళ్తే ఎందుకు వదిలావంటాడు.

మర్నాడు వాళ్ళు రాగానే ఆమె కాఫీ కప్పులు అందించింది. భరద్వాజ్ సోఫాలో వెనక్కి వాలాడు.

"నిన్న రూప ఆంటీ ఇంట్లో నీ ఫోన్ చాలాసేపు కదల్లేదే? ఎక్కడ పెట్టావ్?"

కోట్ జేబులో అంది. అతను తలూపాడు. నమ్మాడో లేదో ఆ ముఖంలో తెలియదు.

పెరట్లో కుండీలో కరివేపాకు ఉందటగా, చూపించమ్మా అంటూ పద్మిని గారు లేచారు. ఫోన్ తడుస్తుంది, ఇక్కడే ఉంచెయ్యమన్నారు. వెనక చూరు కింద నిలబడి, తలుపు దగ్గరికి లాగి, బ్యాగ్‌లోంచి చీటీ తీసి ఇచ్చారు. సుధామయి విప్పింది.

'రేపు ఏర్‌పోర్ట్‌కి నేను కూడా వస్తాను. నువ్వు చెప్పలేకపోతే మీ నాన్నగారికి నేను చెప్తాను. నాకూ భయంగానే ఉంది. అయినా వస్తాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం.'

"వాడికి చూపించలేదు," అన్నారు పద్మిని గారు.

సుధామయి చీటీని మడిచి గుప్పిట్లో దాచుకుంది.

"నా కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మా ఆయన రోజూ చూసేవారు. గ్రోసరీకెళ్ళొచ్చినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఆయన పోయాక కూడా చాలాకాలం, కారు ఆపగానే మీటర్ చూసుకుని భయపడేదాన్ని. వీడు అదంతా చూస్తూ పెరిగాడు. నేను నోరెత్తలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "సంబంధం మేమే వద్దంటున్నామని మీ అమ్మావాళ్ళకి నేను చెప్తాను. నీ మీద మాట పడనివ్వను."

"భరద్వాజ్ ఊరుకుంటారా ఆంటీ?"

"ఊరుకోడు. అందుకే ముందు వాడు నాతో తేల్చుకోవాలి." సుధామయి తల మీద చెయ్యి వేశారు. "ఆ అబ్బాయి రాత కోడి గెలికినట్టుంది గానీ, భయమేస్తోందని రాశాడు చూడు, అక్కడ నచ్చాడు నాకు. వెళ్ళు."

ఆవిడ లోపలికి వెళ్ళారు. పక్క గేటు తీసుకుని సుధామయి వానలోకి పరుగెత్తింది. వెనక భరద్వాజ్ గొంతు పైకి లేచింది, దానికి మించి పద్మిని గారి గొంతు లేచింది. మలుపు తిరిగేదాకా ఆమె పరుగు ఆపలేదు.

రూప ఆంటీ ఇంట్లో తలుపు తీసిన కిరీటి, మొదట ఆమె భుజం మీదుగా రోడ్డు చూశాడు. ముఖం పాలిపోయింది. మాట్లాడొద్దని పెదవుల మీద వేలు పెట్టి, లోపలికి పరిగెత్తి కాగితం, పెన్ను తెచ్చాడు. ఆమె రెండూ అతని చేతుల్లోంచి లాగేసుకుంది.

"నువ్వంటే నాకు ఇష్టం, కిరీటీ."

పక్కింటి గుమ్మంలో గొడుగు విప్పుతున్న ఆవిడ ఇటు తిరిగి చూసింది.

"మెల్లగా," అన్నాడతను రోడ్డు వైపు చూస్తూ.

ఆమెకీ భయంగానే ఉంది. అయినా గొంతు తగ్గించకుండా మళ్ళీ అదే మాట అంది.