నా కన్నం ఏదీ?

"నా కన్నం ఏదీ?" అని అడిగింది నత్త.

లంచ్ బెల్ కొట్టి పది నిమిషాలయింది. ప్లేగ్రౌండ్ పక్కన సిమెంటు మెట్ల మీద నలుగురు పిల్లలు కూర్చున్నారు. వాళ్ళలో నత్త అనే అమ్మాయి చేతిలో పసుపుపచ్చ ఊలుతో అల్లుతున్న చదరం ఒకటి ఉంది. సగం అల్లిన ఆ చదరం ఇంకా సూది మీదే ఉంది. నత్త దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది.

పక్కనే కూర్చున్న ఊలమ్మకి నవ్వొచ్చింది. పెన్సిల్ పోతే వెతుక్కుంటారు, చెప్పు పోతే వెతుక్కుంటారు. కన్నం పోయిందని వెతుక్కునే మనిషిని ఇదే చూడటం.

"ఇంకెక్కడి కన్నం? తీసేశాగా," అంది గర్వంగా. "నిన్న ఆదివారమంతా కూర్చుని మీ అందరివీ విప్పి మళ్ళీ అల్లాను. ఒక్క తప్పు చూపించండి చూద్దాం."

నత్త చదరాన్ని మెట్టు మీద పెట్టి, టిఫిన్ బాక్స్ తీసుకుని క్లాసులోకి వెళ్ళిపోయింది.

థాంక్స్ చెబుతుందేమోనని చూస్తున్న ఊలమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

ఊలమ్మకి అసలు పేరు ఉంది కానీ, అది అటెండెన్స్ రిజిస్టరుకే పరిమితం. అమ్మమ్మ దగ్గర అల్లిక నేర్చుకున్నప్పటి నుంచీ సంచిలో ఊలు ఉండ లేకుండా ఈ పిల్ల గడప దాటదు. బస్సులో అల్లుతుంది. పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు వచ్చేదాకా అల్లుతుంది. అల్లుతున్నంతసేపూ బుర్రలో గోల తగ్గి హాయిగా ఉంటుందట. ఆ హాయి స్నేహితులకి కూడా రుచి చూపించాలని ఆమెకి ఎప్పటినుంచో కోరిక.

నెల కిందట ఆ కోరిక తీరింది. డ్రాయింగ్ టీచర్‌కి బిడ్డ పుట్టబోతోంది. తలా ఒక చదరం అల్లి, నాలుగూ కలిపి కుట్టి, బుల్లి దుప్పటి ఇద్దామనుకున్నారు. టీచర్ సెలవు మీద వెళ్ళేది ఈ శుక్రవారమే.

ఊలమ్మ కాక మిగిలినవాళ్ళు ముగ్గురు. నత్త ఈ ఏడాదే స్కూల్లో చేరింది. నోట్సు రాయడంలో ఆఖరు, అన్నం తినడంలో ఆఖరు. ఎవరో నత్త అన్నారు, అదే అతుక్కుపోయింది. గడబిడ ఏ పనైనా మొదలుపెట్టకముందే అయిపోవాలనుకునే పిల్లాడు. మూడో పిల్ల పొడుగు. ఆ పేరెందుకో వేరే చెప్పక్కర్లేదు.

ముగ్గురి అల్లికా మూడు రకాలు. నత్త ఊలుని బిగించి లాగితే సూది కదలనని మొరాయించేది. గడబిడ కుట్లలో వేలు దూరిపోయేది. పొడుగు చదరం ఒకపక్కకి వాలిపోయేది. అన్నిటినీ రోజూ ఇంటికి తీసుకెళ్ళి దాచేది ఊలమ్మే. వాటిని చూసి చూసి ఆమె ప్రాణం ఉసూరుమనేది. అందుకే ఆదివారం పట్టుబట్టి అన్నీ విప్పేసింది.

ఇప్పుడు అన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. అయినా మంగళవారం మెట్ల మీదకి నత్త రాలేదు.

"నాది అయిపోయినట్టేగా," అని గడబిడ బంతి పట్టుకుని పరిగెత్తాడు.

"నువ్వే బాగా అల్లుతున్నావు. నాది కూడా నువ్వే కానిచ్చెయ్," అని పొడుగు లైబ్రరీకి వెళ్ళిపోయింది. ఆ మాటలో కోపం లేదు. అదే ఊలమ్మని ఇంకా తికమకపెట్టింది.

ఊలమ్మ ఒక్కతే కూర్చుని అల్లింది. ఎప్పుడూ వచ్చే హాయి ఆ రోజు రాలేదు. పాడుచేస్తే కదా కోపం రావాలి, బాగుచేస్తే ఎందుకొస్తుంది? ఎంత ఆలోచించినా ఈ లెక్క తేలలేదు. ఏడుపొచ్చింది కానీ, దేనికి ఏడవాలో తెలియక మానేసింది.

ఊలమ్మ వాళ్ళమ్మ టైలర్ షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే మంచం మీద పరిచి ఉన్న చదరాలు చూసింది.

"బాగున్నాయే. ఇన్నీ ఒక్కదానివే అల్లావా?"

"ఒక్కదాన్నే కాదమ్మా, నలుగురం."

అమ్మ ఒక్కో చదరాన్నీ వేళ్ళతో తడిమింది. "మరి చెయ్యి ఒకటేలా ఉందే."

"చెయ్యంటే?"

"మా షాపులో నలుగురం కుడతాం. ఏ చొక్కా ఎవరు కుట్టారో చూడగానే చెప్పేస్తాను. ఒకరు బిగించి కుడతారు, ఒకరు వదులుగా కుడతారు. వీటిలో నాకు నువ్వు తప్ప ఇంకెవరూ కనబడట్లేదు."

"వాళ్ళవి నేను విప్పి మళ్ళీ అల్లాను."

"వాళ్ళు అడిగారా?"

"అడగలేదు. కానీ తప్పులున్నాయమ్మా, కన్నాలు కూడా ఉన్నాయి."

అమ్మ "ఊఁ" అంది. ఆ "ఊఁ" అంటే ఏమిటో చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళకి ఇదొక జబ్బు.

ఊలమ్మ మళ్ళీ ఆలోచనలో పడింది. నత్తకి కావలసింది కన్నమే కదా? అయితే ఇవ్వడానికి కష్టమేముంది? బుధవారం బడి నుంచి రాగానే పసుపుపచ్చ చదరాన్ని సగందాకా విప్పింది. సరిగ్గా మధ్యలో ఒక కుట్టు కావాలనే జారవిడిచి, మళ్ళీ పైదాకా అల్లింది. కన్నం ముచ్చటగా కుదిరింది.

గురువారం లంచ్‌లో ఊలమ్మ నత్త డెస్కు దగ్గరికి వెళ్ళి చదరం చూపించింది. "ఇదిగో నీ కన్నం."

నత్త వేలు పెట్టి చూసి, "ఇది నాది కాదు," అంది.

"కన్నమే కదా. ఏ కన్నమైతేనేం?"

"నాది పన్నెండో వరసలో, ఎడమ చివర." మాట్లాడటంలోనూ ఆమె నిదానమే. "ఆ రోజు గడబిడ తుమ్మితే వాడి నోట్లో బిస్కెట్టు ఎగిరి పొడుగు జడలో పడింది, గుర్తుందా? అందరం పడీ పడీ నవ్వాం. నా కుట్టు అప్పుడే జారింది. నాకు తెలుసు. కావాలనే అలా ఉంచుకున్నా."

"ఎందుకు?"

"ఈ స్కూలుకొచ్చాక నేను అంతలా నవ్వింది ఆ రోజే. చదరం చూసినప్పుడల్లా గుర్తొచ్చేది."

ఆ కన్నం ఊలమ్మకి బాగా గుర్తుంది. ఆదివారం దాన్ని చూసి "ఛీ" అనుకుని, ఊలు లాగేసింది. నత్త నెల రోజులు కూర్చుని అల్లినది విప్పడానికి తనకి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"నిన్ను అడగకుండా విప్పాను," అంది మెల్లగా. "తప్పు చేశాను. అది మళ్ళీ తేలేను."

నత్త తలూపింది.

ఊలమ్మ చదరంలోంచి సూదిని తీసేసి, ఊలు పట్టుకుని లాగింది. వరస తరవాత వరస ఊడిపోయింది. తను అంత పొందిగ్గా అల్లినదంతా గజిబిజి ఊలుగా మారి డెస్కు మీద పడింది.

"రేపే కదా టీచర్‌కి ఇవ్వాలి," అంది నత్త కంగారుగా.

"రేపు ఇవ్వలేం."

ఆ మాట అనడానికి ఊలమ్మకి చాలా కష్టమైంది. దుప్పటి విప్పి చూసినప్పుడు టీచర్ మొహం ఎలా ఉంటుందోనని నెల రోజులుగా ఊహించుకుంటోంది మరి. ఊలు ఉండ చుట్టి, సూదులతో సహా నత్త చేతిలో పెట్టింది. "నీది నువ్వే అల్లు. నీ దగ్గరే ఉంచుకో."

విషయం తెలిసి పొడుగు కూడా తన చదరం తీసుకుని విప్పేసింది. గడబిడ మాత్రం, "నాది విప్పకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు. కాసేపటికి తనే వచ్చి, "సరే, సగం విప్పు," అన్నాడు.

శుక్రవారం టీచర్‌కి కార్డు మాత్రమే ఇచ్చారు. దుప్పటి ఇంటికి తెచ్చి ఇస్తామని అందులో రాశారు. ఎప్పుడన్నది రాయలేదు.

సోమవారం నలుగురూ మళ్ళీ మెట్ల మీద చేరారు. నత్త ఆరో వరసలో ఉంది. ఊలమ్మ పక్కచూపు చూసింది. వరసకి ముప్పై కుట్లు ఉండాలి, ఎక్కడో ఒకటి ఎక్కువైంది. చదరం అంచు అప్పుడే పక్కకి జరుగుతోంది. ఊలమ్మ వేళ్ళు దురదపెట్టాయి. సూది అందుకుంటే రెండు నిమిషాల పని. ఊలమ్మ తన అల్లికని పక్కన పెట్టి, రెండు చేతులూ తొడల కిందకి దూర్చి, వాటి మీద కూర్చుంది.

ఆరో వరస అయింది. ఏడో వరస కూడా అయింది. అప్పుడు నత్త వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"ముప్పై ఒకటి వస్తున్నాయి."

"అవును."

"నీకు తెలుసా?"

"ఇందాకే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

నత్త ఆమె వైపు చూసింది. చేతులు ఎక్కడున్నాయో చూసింది. పెదవి చివర నవ్వు మొదలైంది.

"అయితే ఇప్పుడు అడుగుతున్నా. ఎక్కువైంది ఎలా తీయాలో చెప్పు. ముట్టుకోకుండా."

చేతులు బయటికి తీయకుండానే ఊలమ్మ ముందుకి వంగి, నోటితో చెప్పడం మొదలుపెట్టింది.