నీలిపోగుల కుట్ర

“నాలుగింటికి సభ. అప్పటిదాకా ఆ గిన్నెల మీద ఈగ వాలకూడదు,” అన్నాడు బాస్.

ముంగిసకి ఒళ్ళు మండింది. డిపార్ట్‌మెంట్‌లో పేరుమోసిన ఏజెంట్. మిస్సైల్ బ్లూప్రింట్లు కాపాడిన చేతులకి గాజుగిన్నెల కాపలానా?

“సముద్రంలో ప్లాస్టిక్ ఎంతుందో ఎవడు చూడొచ్చాడు బాస్? నాలుగు సీసాలు తోడి కోట్ల టన్నులంటారు. అన్నీ కాకిలెక్కలు.”

“ఆ మాట అందరిచేతా అనిపించాలనే విదేశీ ముఠా చూస్తోంది. లెక్క నవ్వులపాలైతే ప్లాస్టిక్ ఒప్పందం చిత్తుకాగితం. పైగా ఆ లెక్క మీ వదినది.”

ముంగిస మారువేషం పెట్టె అందుకున్నాడు. ఆ సీసాల నీళ్ళు అన్నయ్య నడిసముద్రంలో తోడినవి. సీసాలు ఒడ్డుకు చేరాయి, అన్నయ్య చేరలేదు. ఆ నీళ్ళు వడకట్టిన కాగితాలే ఆ గిన్నెల్లో ఉన్నాయి. పాడైతే మళ్ళీ తెచ్చేవాడు లేడు.

పొద్దున పదింటికి గుబురుమీసం అతికించుకుని అటెండర్‌గా ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ముత్యాల దండ, హైహీల్స్, జర్నలిస్ట్ బ్యాడ్జితో చిలక వచ్చింది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే మనిషి.

“అల వెనక్కి పోయిందా?”

“ఇసక ఇంకా తడిగానే ఉంది.”

కోడ్ సరిపోయింది. లోపలికి పంపాడు. వదిన మూతలు తీసి, పక్కనే ఒక ఖాళీ గిన్నె కూడా తెరిచిపెట్టి చూపిస్తుంటే చిలక తీరిగ్గా లిప్‌స్టిక్ దిద్దుకుని వెళ్ళిపోయింది.

మూడూ నలభైకి ఇయర్‌పీస్‌లో బాస్ గొంతు. “చిలక ప్లేటు ఫిరాయించింది.”

తమాషా చూడ్డానికి ఆగిన ఆమెని నాలుగవుతుండగా పార్కింగ్‌లో దొరకబుచ్చుకుని, కారు స్టీరింగ్‌కి బేడీ వేశాడు. ఆమె నవ్వింది. “అది లిప్‌స్టిక్ కాదు, స్ప్రే. నీలం నైలాన్ పోగులు, కంటికానవు. మీ వదిన అందరిముందూ మళ్ళీ లెక్కపెడుతుందిగా, పెట్టనీ.”

ముంగిస పరిగెత్తాడు. తలుపు తీసింది తనే. అన్నయ్యని రెండోసారి తనే ముంచాడు.

హాల్లో సభ మొదలైపోయింది, మైక్రోస్కోప్ చూపేదంతా తెరమీద కనిపిస్తోంది. బట్టతల ప్రతినిధి ఒకడు లేచాడు. “మీ రిపోర్టులో రెండొందల పదహారు పోగులు, తెరమీద తొమ్మిదొందలు. ఏమ్మా, మీ సముద్రం గిన్నెలో పిల్లల్ని పెట్టిందా?”

హాలంతా నవ్వులు. వదిన మొహం పాలిపోయింది. ముంగిస ఆమె పక్కకి దూసుకెళ్ళాడు.

“వదినా, కొంప ముంచాను. ఆ నీలంపోగులు చిలక చల్లింది. దాన్ని లోపలికి పంపింది నేనే.”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “పొద్దున బల్లమీద పెట్టిన ఖాళీ గిన్నె ఏది?”

“ఖాళీదే కదాని కడగడానికి పడేశాను.”

“పరిగెత్తవయ్యా మరిదీ. మూత మాత్రం తియ్యకు.”

అధ్యక్షుడు గడియారం చూశాడు. “మూడు నిమిషాలిస్తాను.”

సింక్ దగ్గర ముసలాయన ఆ గిన్నె మూత మీద చెయ్యి వేశాడు. ట్యాప్ ధారగా పారుతోంది. “తాతా, ఆగు,” అంటూ ముంగిస గిన్నె లాక్కున్నాడు. మీసం ఊడి సింక్‌లో పడింది.

వదిన ఆ గిన్నెని తెరకెక్కించింది. నిండా నీలంపోగులు.

“మూతలు తీసినప్పుడల్లా పక్కన ఇలాంటి ఖాళీ గిన్నె తెరిచిపెట్టడం మా పద్ధతి. ఇందులో పడింది గదిలోని చెత్త. ఆ రకం పోగు ప్రతిదాన్నీ సముద్రం లెక్కలోంచి కొట్టేస్తాం.” నీలం ఒక్కోటీ తీసేస్తూ పోయింది. “రెండొందల పద్నాలుగు. పాత లెక్కకి రెండు తక్కువ, సముద్రపు నీలంపోగులు కూడా రెండు ఇందులో కొట్టుకుపోయుంటాయి. అది కూడా రాసుకోండి.”

ఎవరూ నవ్వలేదు. బట్టతలాయన కళ్ళజోడు తుడుచుకుని, ముందుగా పెన్ను తీశాడు.

పార్కింగ్‌లో చిలక తల తిప్పింది. “మునిగిపోయిందా మీ లెక్క?”

“ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పొద్దుటిదాకా ఆ లెక్కని నేనే నమ్మలేదు,” అన్నాడు ముంగిస కారెక్కుతూ. “నీ పుణ్యమా అని ఊరంతా నమ్మింది.”