ఇరవై ముడతల గింజలు

తాళాల తాత గోడ అవతల వంగి ఏదో చేస్తుండగా పిడుగు కిటికీలోంచి చూసింది. అంతే, లెక్కల పుస్తకం మంచం మీద పడింది. పిడుగు పెరట్లో పడింది.

పిడుగుకి స్కూలు రిజిస్టర్లో వేరే పేరుంది. ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం పిడుగే. పదేళ్లుంటాయి. ఏదైనా వద్దంటే ముందు ఆ పనే చేస్తుంది. తాళాల తాత పక్కింటాయన. వీధి చివర చిన్న కొట్టు పెట్టుకుని తాళాలు బాగుచేస్తాడు.

"ఏం చేస్తున్నావు తాతా?"

"బఠాణీలు వేస్తున్నాను. ఈ ఏడు కూడా వీధిలో మొదటి కాయ మాదే. రాసిపెట్టుకో!"

పిడుగుకి ఒళ్లు మండింది. ప్రతి ఏడూ ఇదే గొడవ. ఆయన పెరట్లో కాయలు కాసి, ఆయన తిని, ఆయన పళ్లు కూడా కుట్టుకున్నాక గానీ వీళ్ల పెరట్లో పూత రాదు.

ఒక్క ఉరుకులో లోపలికి వెళ్లింది. అమ్మమ్మ మిషను ముందు కూర్చుని ఎవరిదో కోటు కుడుతోంది. నోట్లో అరడజను గుండుసూదులున్నాయి. కుట్టేటప్పుడు పెదాల మధ్య సూదులు పెట్టుకోవడం ఆవిడకి నలభై ఏళ్ల అలవాటు.

"అమ్మమ్మా, ఇవాళే బఠాణీలు వేసేద్దాం!"

"ఊఁహూఁ," అంది అమ్మమ్మ.

"తాత వేస్తున్నాడుగా!"

"ఊఁహూఁ."

"మనది తొందరగా కాసే రకమని నువ్వే చెప్పావు. రెండు నెలలకే కాయ వస్తుందన్నావు. మరి ముందు వేస్తే ముందు రాదా?"

అమ్మమ్మ చేత్తో కిటికీ వైపు చూపించింది. బయట ముసురు. వారం నుంచీ నేల బురదబురదగా ఉంది. చలి ఇంకా పోలేదు. ఆవిడ ఏదో చెప్పబోయి, సూదులు గుర్తొచ్చి, మళ్లీ "ఊఁహూఁ" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అదేనా జవాబు? పిడుగుకి జవాబు కావాలి. అది దొరక్కపోతే తన జవాబు తనే చెప్పుకుంటుంది. 'తాతకి తెలిసింది అమ్మమ్మకి తెలీదు. అంతే!'

సాయంత్రం కోటు ఇచ్చి రావడానికి అమ్మమ్మ బయటికెళ్లింది. పిడుగు అలమర తెరిచి రేకు డబ్బా తీసింది. అందులో అరవై గింజలున్నాయి. అమ్మమ్మ పెళ్లికి ముందు నుంచీ ప్రతి ఏడూ కొన్ని కాయలు కోయకుండా మొక్కకే ఎండనిచ్చి, గింజ దాస్తూ వచ్చింది. ఆ రకం ఏ కొట్లోనూ దొరకదు. నిరుడు పురుగు పట్టగా మిగిలినవి ఈ అరవయ్యే. ఈ సంగతులన్నీ పిడుగుకి తెలుసు. తెలిసే తీసింది.

బురదలో వేలితో గుచ్చి ఒక్కో గింజా వేసింది. రెండు వరసలు, నలభై గింజలు. ఇంతలో వాన పెద్దదైంది. మిగిలినవి డబ్బాలో పడేసి లోపలికి పరిగెత్తింది. చేతులు మొద్దుబారిపోయి, గోళ్లు నీలంగా ఉన్నాయి. అయినా నవ్వుకుంది.

పన్నెండు రోజులు గడిచాయి. గోడ అవతల తాత వరసల్లో పచ్చగా మొలకలొచ్చాయి. గోడ ఇవతల మట్టి మాత్రమే ఉంది.

పిడుగుకి కారణం చిటికెలో దొరికింది. తాత దగ్గర నాలుగు పావురాలున్నాయి.

"తాతా! మీ పావురాలు మా గింజలు తినేశాయి!"

"నా పావురాలా? కళ్లెదురుగా ఉన్న నా గింజలొదిలేసి, గోడ దాటొచ్చి మీవి తిన్నాయా? వాటికేమైనా మీ మీద పగా?"

"అవును, పగే! నువ్వే నేర్పావు!"

తాత పడీపడీ నవ్వాడు. తర్వాత గోడ పక్క సందులోంచి వచ్చి, వరస పక్కన గొంతుక్కూర్చున్నాడు. మట్టి మెల్లగా కదిపి ఒక గింజ పైకి తీశాడు. అది గింజలా లేదు. వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. కుళ్లు వాసన గుప్పుమంది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. పది తీశాడు. పదీ అంతే.

తాత మొహంలో నవ్వు పోయింది.

"పిల్లా, ఇవి మీ అమ్మమ్మ డబ్బాలోవేనా?"

పిడుగు కాలి బొటనవేలితో మట్టి గీసింది.

తాత జేబులోంచి తన గింజ ఒకటి తీసి చూపించాడు. అది గోళీలా నున్నగా ఉంది. "చూడు, మాది నున్నటి గింజ. రుచి అంతంత మాత్రమే గానీ చలికి ఓర్చుకుంటుంది. మీది ముడతల గింజ. తియ్యగా ఉంటుంది. ఆ తీపికే నీళ్లు బాగా పీలుస్తుంది. నేల చల్లగా, తడిగా ఉంటే మొలకెత్తే లోపే కుళ్లిపోతుంది. మాది చూసి మీది వేస్తే ఎలాగే?"

"ఇది నాకెవరూ చెప్పలేదు!"

"చెప్పే దాకా నువ్వు ఆగావా?"

పిడుగుకి కళ్లల్లోకి నీళ్లొస్తుంటే ఏడవకూడదని పళ్లు బిగబట్టింది.

"మీ అమ్మమ్మతో నేను చెప్పనా?" అన్నాడు తాత నెమ్మదిగా.

"అక్కర్లేదు. నేనే చెప్తాను. నువ్వు రావద్దు."

మిషను చప్పుడు వినిపిస్తోంది. పిడుగు గుమ్మంలో నిలబడి, చేతులు రెండూ కట్టుకుని, గడ్డం పైకెత్తి ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నేనే తీశాను. నలభై వేశాను. అన్నీ కుళ్లిపోయాయి. తిట్టాలనుంటే తిట్టు."

మిషను ఆగింది. అమ్మమ్మ పెదాల మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసి మిషను పక్కనున్న చిన్న మెత్తకి గుచ్చింది. ఎంతసేపు తీసిందో! పిడుగుకి తిట్లే నయమనిపించింది. తర్వాత అమ్మమ్మ లేచి, డబ్బా తెరిచి చూసింది. ఇరవై గింజలున్నాయి.

"ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని కదే."

"అడిగాను! మూడుసార్లు అడిగాను! నోట్లో సూదులు పెట్టుకుని ఊఁహూఁ అన్నావు. ఎందుకు వద్దో చెప్పావా?"

అమ్మమ్మ మెత్తకి గుచ్చిన సూదుల వైపు చూసింది.

"చెప్పలేదు. అది నా తప్పే. కానీ డబ్బా తీసింది నువ్వే."

"నేనే," అంది పిడుగు. ఈసారి గడ్డం కిందికి దిగింది.

అమ్మమ్మ డబ్బా మూత పెట్టి పిడుగు చేతిలో ఉంచింది. "ఈ ఇరవై పోతే ఇంక ఈ రకమే లేదు. ఎప్పుడు వేయాలో నువ్వే తేల్చు. మట్టి గుప్పెట్లో పట్టి పిసుకు. ముద్దయితే వేయకు. పొడిపొడిగా విడిపోవాలి. ఆ తర్వాత చెయ్యి మట్టిలో పెట్టి వంద లెక్కపెట్టు. వేళ్లు జివ్వుమనకుండా వంద దాటితే అప్పుడు వేసెయ్. అలాగని మరీ ఆలస్యం చేశావో, ఎండలు ముదిరి పూత రాలిపోతుంది."

మర్నాటి నుంచీ స్కూలు నుంచి రాగానే పిడుగు బ్యాగు గుమ్మంలో పడేసి పెరట్లో కూర్చునేది. మొదటి రోజు మట్టి ముద్దయింది. నాలుగో రోజూ ముద్దే. ఏడో రోజు పొడిగా విడింది గానీ, ముప్ఫై లెక్కపెట్టేసరికి వేళ్లు జివ్వుమన్నాయి.

తాత మొక్కలు జానెడు పెరిగాయి. "ఇంకా వేయలేదా పిడుగూ? మా వాటికి తీగలొచ్చేశాయి!"

"రానీ! నాకేంటి?"

అమ్మ కూడా ఆఫీసు నుంచి వస్తూనే మొదలుపెట్టింది. "ఎండలొచ్చేస్తున్నాయే. రేపు ఆదివారం, వేసేయరాదూ?"

"ఆదివారమని మట్టికి తెలుసా? వేయను!"

పదిహేనో రోజు మట్టిలో చెయ్యి పెట్టింది. ఎనభై. తొంభై. వంద. నమ్మకం కుదరక నూట యాభై దాకా లెక్కపెట్టింది. వేళ్లు హాయిగా ఉన్నాయి. అప్పుడు వేసింది, ఇరవై గింజలూ. ఎనిమిదో రోజుకి పద్దెనిమిది మొలకలు లేచాయి. పిడుగు అరిచిన అరుపుకి తాత పావురాలు నాలుగూ ఎగిరిపోయాయి.

ఎండలు ముదిరే లోపే పూత నిలబడింది. కాయలు నిండాయి. చేత్తో పట్టుకుంటే లోపల గింజలు బొద్దుగా తగులుతున్నాయి. తాత ఎప్పుడో తన కాయలన్నీ కోసుకుని తినేశాడు కూడా. పిడుగు అది పట్టించుకోనే లేదు.

ఆ రోజు అమ్మమ్మ పెరట్లోకి వచ్చి ఒక లావుపాటి కాయ మీద చెయ్యి వేసింది.

"ఒక్కటి రుచి చూద్దామే. నీ చేత్తో వేసినవి."

పిడుగు ఒక్క గెంతులో వచ్చి మొక్కలకి అడ్డంగా నిలబడింది. చేతులు రెండూ బార్లా చాపింది.

"ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు! అన్నీ ఎండాలి. అన్నీ విత్తనానికే."

"ఒక్కటేగా?"

"ఒక్కటి కూడా కాదు. ఒక్క కాయలో ఏడెనిమిది గింజలుంటాయి. నేను నలభై పోగొట్టాను."

"నాకూ వద్దా?"

"నీకూ వద్దు. అమ్మకీ వద్దు." పిడుగు ఒకసారి కాయల వైపు చూసి గుటక వేసింది. "నాకూ వద్దు."

అమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్లు చెంగుతో తుడుచుకుంది.

గోడ మీద నుంచి తాళాల తాత తల పైకి లేచింది.

"ఇంత కష్టపడి పెంచి, మరి ఎప్పుడు తింటావే?"

"వచ్చే ఏడు!" అని అరిచింది పిడుగు, చాపిన చేతులు దించకుండానే.